ఊరి చెరువుకు నీరు తెచ్చే కాలువను అందరూ కలిసి బాగుచేసుకోవడం ఎలా?

వానలు బాగా కురిసిన ఏడాది కూడా చెరువు నిండలేదంటే, చాలా ఊళ్లలో లోపం చెరువులో ఉండదు, దానికి నీరు తెచ్చే కాలువలో ఉంటుంది. పూడికతీత అనగానే అందరి చూపూ చెరువు మధ్యకే పోతుంది. నీటి దారి మూసుకుపోయాక ఎంత లోతు తవ్వినా ఫలితం ఉండదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువుకు ఉండే దోషాల్లో ఒకటిగా, నీటిరాక తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడాన్ని చెప్పింది. అందుకే పని చెరువుకు పైనున్న కాలువ నుంచి మొదలుపెట్టాలి.

ముందు కాలువ వెంట నడవండి

ఫాల్గుణ మాసంలో, నేల ఆరి పొదలు పలచబడ్డాక, నలుగురైదుగురు కలిసి చెరువు నుంచి పైకి నడవండి. చెరువు నీటిని పొలాలకు వదిలే పని చూసిన పాత నీరటిని గానీ, వారి ఇంటివారిని గానీ తప్పక వెంట తీసుకెళ్లండి. ఏ మలుపులో గట్టు తెగేదో వారికి తెలుస్తుంది. పూడిన చోట్లు, చెత్త పోసిన చోట్లు, రోడ్డు కింద మూసుకుపోయిన పైపులు, పొలంలో కలిసిపోయిన భాగాలు ఫోనులో ఫొటో తీసుకోండి. తహసీల్దారు కార్యాలయంలోని గ్రామపటంతో సరిచూసుకోండి.

తరువాత అందరినీ కూర్చోబెట్టండి

నా దృష్టిలో అసలు పని ఇదే. చెరువు ఆయకట్టు రైతులది మాత్రమే కాదు. చేపలు పట్టేవారు, బట్టలు ఉతికే రజకులు, గొర్రెల కాపరులు, కట్ట మీద తాటిచెట్లు గీసేవారు, బతుకమ్మలు నీట వదిలే ఆడవాళ్లు, అందరికీ అందులో వాటా ఉంది. రైతు చివరి తడి దాకా నీరు కావాలంటాడు. చేపల కోసం అడుగున కొంత నిలవాలంటారు మత్స్యకారులు. ఈ మాట కాలువ తవ్వకముందే తేల్చుకోండి. వేసవిలో పశువులకూ చేపలకూ ఎంత నీరు ఉంచాలో తూము దగ్గర రాతిపై గీత గీసి ఒప్పుకోండి. నీరు వచ్చాక మొదలయ్యే తగవును తీర్చడం చాలా కష్టం.

ఆక్రమణల సంగతి శ్రమదానంతో కలపకండి. పెద్దల ద్వారా మాట్లాడి చూడండి, కుదరకపోతే తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. పంచాయతీ తీర్మానం చేయించి, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు రాతపూర్వకంగా తెలియజేశాకే పార పట్టాలి.

పని రోజులు

మృగశిర కార్తెకు ముందే ముగించాలి. తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేయండి. కాలువను ముక్కలుగా విడదీసి ఒక్కో వాడకు ఒక్కో ముక్క అప్పగిస్తే పని చురుగ్గా సాగుతుంది. మజ్జిగ, అంబలి బాధ్యత వంతులవారీగా పంచుకోండి. పాములుంటాయి కాబట్టి పొదల్లో చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి.

సర్కారు తుమ్మను పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, గడ్డపారతో వేరు మొదలుతో సహా పెకలించాలి. అయితే చెరువులోని నల్ల తుమ్మ చెట్లను, కొంగల గూళ్లున్న కొమ్మలను ముట్టుకోకండి. సత్యసాయి జిల్లా వీరాపురంలో ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టే వలస కొంగలను గ్రామస్థులే కాపాడుకుంటున్నారు. ఆ పక్షులకు మేత దొరికేది ఇలాంటి చెరువుల్లోనే.

తీసిన మట్టిని గట్టు అంచున కుప్ప వేస్తే తొలి వానకే మళ్లీ కాలువలోకి జారుతుంది. ఒండ్రుమట్టి అయితే పొలాలకు తోలుకోనివ్వండి. చెరువు కట్ట మొదట్లో మాత్రం ఎవరినీ మట్టి తవ్వనివ్వకండి, కట్ట బలహీనపడుతుంది.

తొలి వాన పడగానే

నీరు పారుతున్నప్పుడే మరోసారి కాలువ వెంట వెళ్లి, ఎక్కడ పొర్లుతోందో, ఎక్కడ ఆగుతోందో రాసుకోండి. మనుషులతో కాని పెద్ద పనులను మొదటి నడకలో తీసిన ఫొటోలతో సహా గ్రామసభలో పెట్టండి. మీది ఒకదాని కింద ఒకటిగా కలిసి ఉండే గొలుసుకట్టు చెరువైతే, చెరువు నిండాక అలుగు మీదుగా దూకే మిగులు నీరు కింది ఊరి చెరువుకే పోతుంది. వచ్చే ఏడు నడకకు ఆ ఊరివారినీ పిలవండి, అలుగు కింది కాలువ సంగతి వారితో కలిసే చూసుకోవాలి.