పిల్లల ఐక్యూ నివేదికను చదవడం ఎలా?

నివేదిక చేతికి రాగానే మొత్తం స్కోరు కన్నా ముందు, ఏ పరీక్ష పెట్టారో, దాని ప్రమాణాలను ఏ కాలపు పిల్లల ఆధారంగా నిర్ణయించారో చూడండి. ప్రమాణాలు పాతబడితే స్కోరు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

పూర్వం మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చవేసేవారు: ఎనిమిదేళ్ల పాప పదేళ్లవారి స్థాయిలో జవాబులిస్తే 125. నేడు ఐక్యూ కొలవడానికి విస్తృతంగా వాడే వెక్స్‌లర్ పరీక్షల్లో ఆ లెక్క లేదు. బిడ్డను అదే వయసు పిల్లలతో పోల్చి, సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని (స్కోర్లు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15గా తీసుకుంటారు కనుక, నూటికి సుమారు 68 మంది 85కూ 115కూ మధ్యనే ఉంటారు. పర్సంటైల్‌ను మార్కుల శాతంగా పొరబడకండి (చాలామంది తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే). 115 స్కోరు అంటే 84వ పర్సంటైల్, అంటే నూరుమందిలో దాదాపు 84 మంది కన్నా మెరుగని అర్థం.

కొలతలో కొంత అటూఇటూ ఉంటుంది కనుక ప్రతి స్కోరునూ ఒకే అంకెగా కాక ఒక పరిధిగా చూడాలి. 103 వచ్చిన పిల్లవాడికన్నా 106 వచ్చినవాడు తెలివైనవాడనడం నా దృష్టిలో అర్థరహితం. భాషా గ్రహణం, తాత్కాలిక జ్ఞాపకశక్తి వంటి విభాగాల మధ్య 25 పాయింట్ల అంతరం ఉంటే, మొత్తం స్కోరు కన్నా ఆ విభాగాలను విడివిడిగా చదవడమే మేలు. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే బిడ్డకు ఇంగ్లిషులో పరీక్ష పెడితే, భాషా విభాగంలో తగ్గిన స్కోరు తెలివిని కాక ఆ భాషతో ఉన్న పరిచయాన్ని చూపవచ్చు. ఆ సంగతిని నివేదికలో రాయించండి.