సీలు భద్రంగానే ఉంటుంది, సరుకే ఉండదు

సెల్‌ఫోన్లు, టీవీల లోడుతో 44వ నంబరు హైవే మీద కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే డ్రైవరన్నలకు ఒక మాట. కంటైనర్‌కు సీలుంది కదా అని ధీమాగా పడుకోవద్దు. పని తెలిసిన దొంగ సీలు జోలికే పోడు. తలుపు గొళ్ళేన్ని పట్టి ఉంచే బోల్టులు ఊడదీసి, పెట్టెలు దించుకుని, మళ్ళీ బిగించి పోతాడు. దించే చోట సీలు చెక్కుచెదరదు, లెక్క తగ్గుతుంది, మాట పడేది మనం.

నాకు ఒకసారి అట్లే అయింది. అప్పటి నుంచి బోల్టు తలలకు వెల్డింగ్ చుక్క పెట్టించి, బోల్టు మీద నుంచి రేకు మీదకు ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీస్తున్నా. (సీసా అయిపోతోందని మా ఆవిడ గొణుగుడు.) బోల్టు తిరిగితే గీత తెగుతుంది. ఆగిన ప్రతిసారీ టార్చి వేసి చూడటం అర నిమిషం పని.

బండి ఆపితే వెనక తలుపులు గోడకు దాదాపు ఆనించి పెట్టండి. డీజిల్, భోజనం లోడింగ్‌కు ముందే కానివ్వండి. దాబాలో ‘ఏం లోడన్నా?’ అంటే ఉల్లిగడ్డలు అనకండి, మూసిన కంటైనర్‌లో వాటినెవరూ వేయరు, బట్టల సబ్బులనండి. గీత తెగి కనిపిస్తే ఏదీ ముట్టుకోకుండా ఫోటో తీసి, 112కు, ఓనర్‌కు వెంటనే ఫోన్ కొట్టండి.