గ్రాఫిక్ నవల కొనేముందు పాఠకుల అభిప్రాయాలు ఎలా చదవాలి

మా అక్క కొడుక్కి పన్నెండేళ్ళు. పుట్టినరోజుకి ఏం కావాలిరా అంటే, "మ్యాజిక్ నేర్చుకునే కుర్రాడి కథ కావాలి పిన్నీ, నిండా బొమ్మలుండాలి" అన్నాడు. వెతగ్గా వెతగ్గా ‘ది బుక్స్ ఆఫ్ మ్యాజిక్’ దగ్గర ఆగాను. కొనేముందు దాని మీద పాఠకులు రాసినవి ఓ నలభై యాభై దాకా చదివుంటాను. ఒకరు ప్రాణం పెట్టేశామన్నారు, ఇంకొకరు సగంలో మూసేశామన్నారు. ఎవరిని నమ్మాలో తెలీక నోట్‌బుక్ తీసి, ఎవరు ఏమన్నారో రెండు సాయంత్రాలు కూర్చుని రాసుకున్నాను. అప్పుడు పట్టు దొరికింది. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

ముందు, వాళ్ళు మాట్లాడేది మీరనుకుంటున్న పుస్తకం గురించేనా అన్నది తేల్చుకోండి. ఇదే పేరుతో 1994 నుంచి 2000 దాకా 75 సంచికల సీరియల్ వచ్చింది. 2018లో మళ్ళీ ఇంకొకటి మొదలైంది. నేను కొన్నది వీటికంటే ముందు, 1990-91లో నాలుగు భాగాలుగా వచ్చిన అసలు కథ. నేను రాసుకున్న వాటిలో కొన్ని తర్వాతి సీరియల్ గురించినవని ఆలస్యంగా గమనించి కొట్టేశాను.

తర్వాత, పుస్తకం ఎలా తయారైందో కొంచెం తెలుసుకోండి. ఈ నాలుగు భాగాలకీ బొమ్మలు వేసింది నలుగురు: వరసగా జాన్ బోల్టన్, స్కాట్ హాంప్టన్, చార్ల్స్ వెస్, పాల్ జాన్సన్. టిమ్ హంటర్ అనే కుర్రాడిని మొదటి భాగంలో గతంలోకి, రెండో దాంట్లో ఇప్పటి మంత్రగాళ్ళ మధ్యకి, మూడో దాంట్లో యక్షిణుల లోకంలోకి, నాలుగో దాంట్లో భవిష్యత్తులోకి తీసుకెళ్తారు. కాబట్టి "బొమ్మలు అద్భుతం" అని ఒకరు, "బొమ్మలు అర్థం కాలేదు" అని ఇంకొకరు రాస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పని అనుకోకండి. ఏ భాగం గురించి అన్నారో చూడండి. భాగం పేరెత్తకుండా బొమ్మల్ని పొగిడినా తిట్టినా ఆ మాట మీకు పనికిరాదు. నా మటుకు నాకు వెస్ వేసిన మూడో భాగం బొమ్మలు ఎంత నచ్చాయంటే పేజీ తిప్పబుద్ధి కాలేదు.

రాసినవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారన్నది ఇంకా ముఖ్యం. టిమ్‌కి దారి చూపించే నలుగురూ, అంటే ఫాంటమ్ స్ట్రేంజర్, జాన్ కాన్‌స్టంటైన్, డాక్టర్ ఆకల్ట్, మిస్టర్ ఈ (E), వీళ్ళంతా బ్యాట్‌మన్ కథలు వేసే అమెరికన్ కంపెనీ డీసీ కామిక్స్‌లో అంతకుముందే ఉన్న పాత్రలు. రెండో భాగం నిండా అలాంటి పాత ముఖాలే. ఆ కామిక్స్ చదువుతూ పెరిగినవాళ్ళకి అది పండగ. కొత్తవాళ్ళకేమో బొత్తిగా పరిచయం లేనివాళ్ళ పెళ్ళికెళ్ళి కూర్చున్నట్టుంటుంది. మావాడికి బ్యాట్‌మన్ తప్ప ఎవరూ తెలీదు. అందుకే నా నోట్‌బుక్‌లో "డీసీ చదవను" అని ముందే చెప్పుకున్నవాళ్ళ మాటల కింద గీత గీసుకున్నాను. మీరు కూడా మీలాంటి పాఠకుడిని వెతుక్కోండి. అలాంటివాళ్ళు ఇద్దరు దొరికినా చాలు.

హ్యారీ పాటర్‌తో పోలిక ప్రతి రెండో అభిప్రాయంలోనూ కనబడుతుంది. కళ్ళద్దాల కుర్రాడు, గుడ్లగూబ, మంత్రాలు... పోలిక రావడం సహజమే. కానీ పాటర్ మొదటి పుస్తకం వచ్చింది 1997లో. టిమ్ అప్పటికే ఆరేడేళ్ళ ముందువాడు. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న గొడవని వదిలేయండి. పెద్దాయన కుర్రాడికి విద్య నేర్పడం చాలా పాత కథ. ఆ అభిప్రాయాల్లోంచి తీసుకోవాల్సింది ఒక్కటే: స్కూలు, స్నేహితులు, ఒక పెద్ద శత్రువు ఉంటారని ఆశపడి తెరిచినవాళ్ళకి ఇందులో అవి దొరకలేదు.

ఇక నన్ను బాగా ఆపిన ఫిర్యాదు ఒకటుంది. "ఆ కుర్రాడు ఏమీ చేయడు, చూస్తూ ఉంటాడంతే." ఒకరంటే పట్టించుకునేదాన్ని కాదు, చాలామంది అన్నారు. ఇలా ఒకే మాట పదేపదే వస్తే పుస్తకం దొరికాక పేజీలు పెట్టి సరిచూడండి. నేను చూశాను. మొదటి భాగంలో నిజమే, గతంలో అతను చూడగలడు గానీ దేన్నీ మార్చలేడు. అక్కడ కథ కూడా పాఠం చెప్పినట్టు సాగుతుంది. మూడో భాగానికొచ్చేసరికి బాబా యాగా అనే మంత్రగత్తె గుడిసె, యక్షిణుల రాణి టైటానియా కొలువు, అక్కడ కుర్రాడు చిక్కుల్లో పడతాడు. మంత్రవిద్య కావాలా వద్దా అని తేల్చుకోవడమే అసలు కథ కాబట్టి చూడ్డం కూడా అతని పనే అని నాకనిపించింది. అయినా ఫిర్యాదుని తీసిపారేయలేదు. మొదటి భాగం నెమ్మదిగా ఉంటుందని మావాడికి ముందే చెప్పి ఇచ్చాను.

పిల్లల కోసం కొంటుంటే "పిల్లలకి బాగుంటుంది" అన్న మాటని నమ్మకండి. ఎంత వయసు, ఏ సన్నివేశం అని రాసినవాళ్ళనే నమ్మండి. నాలుగో భాగం చీకటిగా, బరువుగా ఉంటుంది. దాన్ని నేను ముందు చదివాను, తర్వాత వాడూ నేనూ పక్కపక్కన కూర్చుని చదివాం.

"అక్షరాలు కనబడట్లేదు" అన్నవాళ్ళు ఫోన్లో చదివారేమో చూడండి. పెయింటింగ్‌లా వేసిన పేజీల్ని అరచేతిలో చదివితే కళ్ళు లాగుతాయి.

చదివాక మీరూ ఒక అభిప్రాయం రాయండి. ముందు ఏం తెలిసి తెరిచారో, ఎక్కడ ఆగారో, ఏ బొమ్మ దగ్గర వెనక్కి వచ్చారో రాస్తే నాలుగు లైన్లు చాలు. మావాడి చేత నా నోట్‌బుక్ చివరి పేజీలో రాయించాను: "రెండో పార్ట్‌లో ఎవరెవరో తెలీలేదు. మూడోది సూపర్. టిమ్ ఆడుకునే యోయో గుడ్లగూబ అయ్యే చోట మూడుసార్లు చూశా." కింద యోయో బొమ్మ గీసి, దానికి రెక్కలు పెట్టాడు.