కోడెక్ వేసే ముందు ఫైల్ లోపల ఏముందో చూడండి

వీడియో తెరిచినప్పుడు బొమ్మ కనిపించి శబ్దం రాకపోయినా, శబ్దం వచ్చి తెర నల్లగా ఉండిపోయినా, చాలామంది వెంటనే ఇంటర్నెట్‌లో దొరికిన కోడెక్ ప్యాక్‌ను (దృశ్యాన్ని, ధ్వనిని కుదించి, తిరిగి విప్పే కోడెక్‌ల మూటను) ఇన్‌స్టాల్ చేస్తారు. వీలైనంతవరకు ఆ పని చేయకపోవడమే మంచిది.

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి కోడెక్‌లు కావు. దృశ్యాన్ని, ధ్వనిని ఒకచోట ఉంచే కంటైనర్లు. లోపలి దృశ్యం హెచ్.264, హెచ్.265, ఏవీ1లలో దేనిలోనైనా, ధ్వని ఏఏసీ, ఏసీ3, డీటీఎస్, ఓపస్‌లలో దేనిలోనైనా ఉండవచ్చు. అందువల్లనే రెండు ఎంకేవీ ఫైళ్లలో ఒకటి సజావుగా నడిచి, రెండోది మొరాయిస్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫైల్ తెరిచి, కంట్రోల్, జె కీలను కలిపి నొక్కితే ఈ వివరాలు కనిపిస్తాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఇంకా విపులంగా చూపిస్తుంది.

చూడటం మాత్రమే మీ అవసరమైతే వీఎల్‌సీ గానీ ఎంపీవీ గానీ చాలు. వాటికి కావలసిన డీకోడర్లు (కుదించిన డేటాను విప్పే భాగాలు) వాటితోనే వస్తాయి కనుక, సిస్టమ్‌లో ఏమీ మార్చనక్కరలేదు. విండోస్ సొంత ప్లేయర్‌లోనే హెచ్.265 వీడియో నడవాలంటే, దానికి సంబంధించిన ఎక్స్‌టెన్షన్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి మాత్రమే తీసుకోండి. డైరెక్ట్‌షో అనే విండోస్ మీడియా పద్ధతిని వాడే పాత ప్రోగ్రామ్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: అక్కడ ప్రతి డీకోడర్‌కూ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, రెండు ప్యాక్‌లు ఉంటే సాధారణంగా ఎక్కువ సంఖ్య ఉన్నదే ముందుకు వస్తుంది, అది లోపభూయిష్టమైనదైతే నిన్నటిదాకా నడిచిన ఫైళ్లు కూడా ఆగిపోతాయి. పైగా 32 బిట్ ప్రోగ్రామ్‌కు 64 బిట్ డీకోడర్ పనికిరాదు. కాబట్టి కొత్తది వేసే ముందు, తేడా వస్తే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చుకునేలా రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, పాత ప్యాక్‌లను తొలగించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి.

వీడియో నడుస్తూనే తడబడుతుంటే, అది సాధారణంగా కోడెక్ లేని లోపం కాదు. ఉదాహరణకు, ఏవీ1 2018లో వెలువడింది. అంతకుముందు తయారైన గ్రాఫిక్స్ చిప్‌లలో దానిని విప్పే ఏర్పాటు లేనందున భారమంతా ప్రాసెసర్‌పై పడుతుంది. ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను (గ్రాఫిక్స్ చిప్‌తో విప్పించడాన్ని) ఆన్ చేసినా ఫలితం లేకపోతే, హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో వీడియోను హెచ్.264లోకి మార్చవచ్చు.

అయితే అలా మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. చిక్కు కంటైనర్‌తో మాత్రమే అయితే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో లోపలి డేటాను ఉన్నదున్నట్లు మరో కంటైనర్‌లోకి చేర్చడం ఉత్తమం; ధ్వనితో మాత్రమే అయితే, దృశ్యాన్ని ముట్టుకోకుండా ధ్వనిని ఏఏసీలోకి మార్చండి. కొత్త ఫైల్‌ను చివరిదాకా నడిపి చూసేవరకు అసలు ఫైల్‌ను తొలగించవద్దు.