రేడియేషన్‌కు హార్మోన్ సూది తోడు కావాలా: నిర్ణయానికి ముందు చూసుకోవలసినవి

ప్రొస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కు రేడియేషన్, అంటే మన చిత్తూరు వైపు పెద్దలు చెప్పే ‘కరెంటు పెట్టడం’, ఖాయమైన తరువాత దానితోపాటు హార్మోన్ సూది (మగ హార్మోన్‌ను అణచే మందు) కూడా వేయించుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు పక్కింటివారి అనుభవంలో కాక, ప్రధానంగా రోగి ఫైలులోనే ఉంటుంది. అందులోనుండి మూడు సంగతులు రాసుకోండి: పీఎస్‌ఏ (ప్రొస్టేట్ నుండి రక్తంలోకి వచ్చే ప్రొటీను కొలత) ఎంత, బయాప్సీలో (గడ్డ ముక్క తీసి చేసే పరీక్షలో) గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే రెండు అంకెల మొత్తం) ఎంత, గడ్డ గ్రంథి లోపలే ఉందా, బయటికి పాకిందా. మూత్రం సాఫీగా రావడానికి డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ నెలల తరబడి వాడుతున్నవారికి పీఎస్‌ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది కనుక ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

గ్లీసన్ 6, పీఎస్‌ఏ 10 లోపు, గ్రంథి దాటని చిన్న గడ్డ అయితే సాధారణంగా సూది అవసరం ఉండదు. గ్లీసన్ 8 నుండి 10, లేదా పీఎస్‌ఏ 20కి పైన, లేదా గ్రంథి దాటిన గడ్డ అయితే ఏడాదిన్నర నుండి మూడేళ్ల వరకు సూదులు సూచిస్తారు. అవి ఆయుష్షును పెంచుతాయని పెద్ద పరిశోధనల్లో తేలింది కాబట్టి, బలమైన కారణం లేకుండా వద్దనుకోవడం నా దృష్టిలో పొరపాటే. తర్జనభర్జన అంతా గ్లీసన్ 7 దగ్గరే. 3+4 అని ఉండి మిగతావి అనుకూలంగా ఉంటే చాలామందికి రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. 4+3 అని ఉంటే నాలుగు నుండి ఆరు నెలల సూదులు కలపడమే ఎక్కువగా జరుగుతుంది. కూడితే రెండూ ఏడే అయినా, ఏ అంకె ముందుందన్నదే ఇక్కడ అసలు విషయం, ఎందుకంటే గడ్డలో ఎక్కువగా ఉన్న కణాల తీరును చెప్పేది మొదటి అంకెే.

ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలకు టెస్టోస్టెరాన్ ఆహారం వంటిది. ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ వంటి సూదులు దానిని అణచివేస్తాయి. అందువల్లనే కోరిక తగ్గడం, నీరసం, కండ కరగడం, ఎముకలు పలచబడడం, షుగరు పెరగడం వంటి ఇబ్బందులు వస్తాయి. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమట పడుతుంది (తిరుపతి మే నెల ఎండల్లో దీనిని వడదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది). గుండెపోటు వచ్చినవారు, స్టెంటు ఉన్నవారు ముందుగా గుండె డాక్టరుకు చూపించుకోవాలి. ఎముకల సాంద్రత, మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) పరీక్షలు మొదట్లోనే చేయించుకుని, రోజూ నడక, వీలైనంత బరువులెత్తే వ్యాయామం పెట్టుకోవాలి. రాగి సంగటిలో కాల్షియం బాగానే ఉన్నా, విటమిన్ డి సంగతి డాక్టరునే అడగండి.

“ఎన్ని నెలలు?” అని అడిగినప్పుడు, సూదులు ఆపాక హార్మోన్ తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో కూడా అడగండి, పెద్ద వయసువారిలో అందుకు మరికొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పట్టవచ్చు. దాంపత్యానికి సంబంధించిన మాటలున్నాయి కనుక ఈ సంభాషణలో భార్య కూడా ఉండడం మంచిది.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరచిన గడ్డ ముక్కలు) కూడా తీసుకువెళ్లండి. సూది పడితే పీఎస్‌ఏ పడిపోతుంది, స్కాన్ల తీరు మారవచ్చు కనుక ఆ ప్రయాణమేదో మొదటి సూదికి ముందే పూర్తి చేయాలి.