వినైల్ లైనర్ మీద క్లోరిన్ మచ్చలు పడకుండా

స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ పొడి నేరుగా చల్లితే కరగని గుళికలు అడుగుకు చేరి, వినైల్ లైనర్ (పూల్ లోపల పరిచే ప్లాస్టిక్ షీటు) మీద తెల్ల మచ్చలు వేస్తాయి. పోయిన రంగు మళ్లీ రాదు.

అందుకే ముందుగా బకెట్‌లో కరిగించి పోయండి. శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల పూల్ నీళ్లు తీసుకుని, అందులో 200 గ్రాముల వరకు పొడి వేసి కర్రతో కలపాలి. ఎప్పుడూ నీళ్లలోనే పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ప్రమాదం. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. పంపు ఆన్ చేసి, నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే చోట మెల్లగా పోయండి. బకెట్ అడుగున మడ్డి మిగిలితే అది పూల్‌లో వంపొద్దు, మళ్లీ నీళ్లలో కలపండి. పోశాక అడుగును మెత్తటి బ్రష్‌తో ఒకసారి తోస్తే ఇంకా మంచిది. సాయంత్రం ఎండ తగ్గాక వేస్తే క్లోరిన్ కూడా ఆదా.

ట్రైక్లోర్ అనే రకం క్లోరిన్ బిళ్లలకు ఈ పద్ధతి పనికిరాదు, అవి చాలా నెమ్మదిగా కరుగుతాయి. వాటిని తేలే డిస్పెన్సర్‌లో పెట్టాలి. రెండు రకాల క్లోరిన్‌ను ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకండి.