రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళకు ‘బాగుండటం’ అంటే ఏమిటో ఎలా అడిగి తెలుసుకోవాలి?

చికిత్సలో ఉన్న మహిళ చేతికి ప్రశ్నాపత్రం ఇస్తారు, టిక్కులు పెట్టించుకుంటారు, మార్కులు లెక్కేసి ఫైలు మూసేస్తారు. నొప్పి ఎంతో, నీరసం ఎంతో దాంతో తెలుస్తుంది. కానీ ఆమె దేన్ని బట్టి తన రోజులు బాగున్నాయనో బాగాలేవనో అనుకుంటోందో మాత్రం తెలియదు. నర్సులు, కౌన్సెలర్లు, ఈ విషయంపై పరిశోధించే విద్యార్థులు ముందు దాన్ని అడగడం నేర్చుకోవాలి. జీవన నాణ్యతను ఎవరికి వారు ముఖ్యమనుకున్న అంశాలతోనే కొలిచే ఎస్ఈఐక్యూఓఎల్ (SEIQoL) అనే పద్ధతే దీనికి ఆధారం. అది 1990ల్లో ఐర్లాండ్‌లో రూపొందింది. ఇక్కడ చెప్పేది దాన్ని కాగితం మీదికి కుదించిన రూపం.

కావలసినవి: తెల్ల కాగితాలు, పెన్సిలు, స్కేలు, 20 బొత్తాలు, తలుపు వేసుకోగలిగే గది, ఒక గంట సమయం. ల్యాప్‌టాప్ వద్దు. మీరు రాసేది ఆమెకు కనబడాలి, ఆమె కొట్టేయమంటే అక్కడే కొట్టేయాలి. పరిశోధన కోసమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆమె రాతపూర్వక సమ్మతి ముందే ఉండాలి.

రోజు ఎంచుకోవడం: కీమో ఎక్కించిన మూడో రోజు ఒకరినీ, తర్వాతి డోసు ముందురోజు ఇంకొకరినీ అడిగి ఇద్దరినీ పోల్చకండి. మూడు వారాల చక్రంలో నీరసం, వికారం రోజురోజుకూ మారతాయి. చక్రంలో ఒకే దశలో అడగండి. స్కాన్ ఫలితం రావలసిన రోజు అసలు అడగవద్దు.

మొదటి ప్రశ్న

పని చెడేది ఇక్కడే. ప్రశ్న ఇలా ఉండాలి: “ఈ మధ్య మీ రోజులు బాగున్నాయనో లేదనో దేన్ని బట్టి అనుకుంటున్నారు? అన్నిటికంటే ముఖ్యమైనవి ఐదు చెప్పండి.” అడిగాక ఆగండి. పది సెకన్లు గడిచినా, ఇరవై గడిచినా మీరు మాట్లాడకూడదు. చాలామంది మూడో సెకనుకే “అంటే నొప్పి, నిద్ర, అలాంటివి...” అని అందిస్తారు. అందించిన మాటే జవాబై తిరిగొస్తుంది. ఆ కాగితంలో ఇక ఆమె ఉండదు, మీరే ఉంటారు.

“బాగానే ఉన్నానండీ” అన్నది తరచూ వచ్చే మొదటి మాట. అది జవాబు కాదు, మర్యాద. “నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎలా గడిచింది?” అని అడగండి. అప్పుడు వస్తాయి అసలు సంగతులు: ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి తల దువ్వుకునేంత ఎత్తుకు లేవకపోవడం, వేళ్ల చివర్లు మొద్దుబారి గుండీలు పెట్టుకోలేకపోవడం, చెప్పబోయిన మాట గుర్తురాకపోవడం.

ఆమె “కుటుంబం” అంటే అంతే రాసుకుని ముందుకు పోవద్దు. ఒకరికి అది పిల్లలు తోడుండటం, మరొకరికి తాను వాళ్లకు బరువైపోయానన్న బాధ. శీర్షిక కింద ఆమె వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. వైద్య పదాల్లోకి మార్చకండి.

పక్కన భర్తో కూతురో ఉంటే ఈ భాగానికి బయటే కూర్చోబెట్టండి. వాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ బయటికి కనబడని భయం, దిగులు లాంటివాటిని దగ్గరివాళ్లు ఆమె చెప్పేదానికి భిన్నంగా, తరచూ ఎక్కువగా అంచనా వేస్తారు. పైగా వాళ్లెదుట ఆమె కొన్ని మాటలు మింగేస్తుంది.

అద్దంలో చూసుకోవడం, దాంపత్యం గురించి చివర్లో, “అడగవచ్చా?” అని అనుమతి తీసుకుని అడగండి. మీకు ఇబ్బందని వదిలేయకండి. ఎవరూ అడగకపోతే అది తన ఒక్కదాని సమస్య అనుకుంటుంది.

అంకెలు

ఇది సులువు. ఒక్కో అంశానికి 10 సెంటీమీటర్ల గీత గీసి, ఒక కొస “ఇంతకన్నా చెడ్డగా ఉండదు”, రెండో కొస “ఇంతకన్నా బాగా ఉండదు” అనండి. ఆమె గుర్తు పెట్టిన చోటును మిల్లీమీటర్లలో కొలిస్తే 100కి మార్కు వస్తుంది. తర్వాత 20 బొత్తాలను ప్రాధాన్యాన్ని బట్టి ఐదు అంశాలకూ పంచమనండి. ఒక్కో బొత్తం 5 శాతం.

ఉదాహరణకు మార్కులు 40, 70, 60, 80, 50; బొత్తాలు 6, 5, 4, 3, 2 అనుకుందాం. 12, 17.5, 12, 12, 5 కలిపితే 58.5. ఈ మొత్తం కన్నా మొదటి అంశానికి 6 బొత్తాలు పడి, మార్కు 40 దగ్గరే ఆగిందన్నది ముఖ్యం. సాయం అక్కడ కావాలి.

ప్రశ్నాపత్రం తర్వాతే

యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ (EORTC) వారి 30 ప్రశ్నల సీ30, రొమ్ము క్యాన్సర్ కోసం 23 ప్రశ్నల బీఆర్23 మంచి సాధనాలే. చాలామందిని పోల్చాలంటే అవి తప్పవు. ముందే ఇస్తే మాత్రం ఆమె వాటి మాటల్లోనే ఆలోచిస్తుంది. లెక్కలో ఒక ఉచ్చు ఉంది: పనితీరు స్కేళ్లలో (రోజువారీ పనులు చేసుకోగలగడం లాంటివి) ఎక్కువ మార్కు మంచిది, లక్షణాల స్కేళ్లలో (నొప్పి, నీరసం లాంటివి) ఎక్కువ మార్కు చెడ్డది. రెండూ కలిపి సగటు తీస్తే దానికి అర్థమే లేదు.

మళ్లీ అడిగినప్పుడు

కొన్ని నెలలకు చెయ్యి వాపు అలాగే ఉన్నా మార్కు పెరగవచ్చు. ఆమె అబద్ధం చెప్పిందనుకోవద్దు. కొలబద్దే మారింది: ఒకప్పుడు మొదట చెప్పిన ఉద్యోగం ఇప్పుడు నాలుగోది కావచ్చు, జాబితాలో అసలు లేకపోవచ్చు. అందుకే పాత కాగితం చూపకుండా ఐదు అంశాలూ కొత్తగా చెప్పించండి. ముందు జాబితాలను పోల్చండి, అంకెలను తర్వాత.

విన్నది ఫైల్లో పెట్టేయకండి. చెయ్యి వాపు, బిగుతు అయితే ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. హార్మోన్ మాత్రలతో వేడి ఆవిర్లో కీళ్ల నొప్పులో వస్తున్నాయంటే, ఆమె వాటిని తనంతట తాను ఆపకముందే డాక్టరుకు చేరవేయండి. బతకాలని లేదంటే మాత్రం ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ క్షణమే చికిత్స బృందాన్ని పిలవండి. ఆ రోజుకు కాగితం, బొత్తాలు పక్కన పెట్టేయండి.